ప్రయాణం పడనివారికి ఏ మాత్ర మేలు?

బండి మలుపులు తిరుగుతుంటే ముందు ఆవలింతలు వస్తాయి. కాసేపటికి నోట్లో నీళ్లు ఊరతాయి, నుదుట చల్లని చెమట పడుతుంది. సరిగ్గా అప్పుడు సంచి వెతికి మాత్ర తీసి మింగేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వికారం మొదలయ్యాక కడుపు కదలిక మందగిస్తుంది. మాత్ర పేగుల్లోకి దిగడం ఆలస్యమవుతుంది, ఈలోగా వాంతి అయితే అదీ పోతుంది. అందుకే ఏ మందునైనా నేను మొదట అడిగేది ఒక్కటే: ఎంత ముందు వేసుకోవాలి?

ప్రయాణపు వికారానికి వాడే మాత్రల్లో ఎక్కువ భాగం నిజానికి అలర్జీ మందులు, అంటే యాంటీహిస్టమిన్లు. 1947లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో దద్దుర్లకు డైమెన్‌హైడ్రినేట్ అనే అలర్జీ మందు వాడుతున్న ఒక గర్భిణి, ఎప్పుడూ ట్రాములో కడుపు తిప్పే తనకు ఈ మందు వేసుకుంటే ఏమీ కావడం లేదని చెప్పింది. వైద్యులు ఆ మాటను పట్టించుకున్నారు. మరుసటి ఏడాదే సైనికులతో అట్లాంటిక్ దాటుతున్న ఓడలో దాన్ని పరీక్షించారు. రోగి మాట శ్రద్ధగా వినడం వల్ల దొరికిన మందు కాబట్టి నాకు దీని మీద ప్రత్యేకమైన గౌరవం.

అయితే అలర్జీ మాత్ర ఏదైనా ఒకటేనని అనుకోవద్దు. కదులుతున్నామని లోపలి చెవి, కదలడం లేదని పుస్తకంలో ఉన్న కళ్లు చెబుతుంటే మెదడులో పుట్టే తికమకే ఈ వికారం. దాన్ని ఆపాలంటే మందు మెదడులోకి చేరాలి. కొత్త తరం అలర్జీ మందులైన సెటిరిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ అక్కడికి పెద్దగా చేరవు. వాటితో మగత తక్కువగా ఉండటానికీ, ప్రయాణంలో అవి పనికిరాకపోవడానికీ కారణం అదే.

పనిచేసే పాత తరం మందుల్లో డైమెన్‌హైడ్రినేట్ పెద్దలకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు, అరగంట నుంచి గంట ముందు. నాలుగు నుంచి ఆరు గంటలు కాస్తుంది. రెండు మూడు గంటల దారికి సరిపోతుంది కానీ రోజంతా సాగే ప్రయాణంలో మళ్లీ మళ్లీ వేసుకోవాలి. అక్కడ నా ఓటు మెక్లిజిన్‌కే. 25 నుంచి 50 మిల్లీగ్రాములు గంట ముందు వేసుకుంటే దాదాపు రోజంతా పనిచేస్తుంది, మగత కూడా కొంత తక్కువ. వైద్యులు చెప్పకుండా 12 ఏళ్ల లోపు పిల్లలకు మాత్రం ఇవ్వకూడదు.

సిన్నరిజిన్‌ను రెండు గంటల ముందే వేసుకోవాలి, హడావిడిగా బయలుదేరేవారికి అది కుదరదు. ప్రోమెథజిన్ గట్టి మందే కానీ నిద్ర ముంచుకొస్తుంది. రాత్రి ప్రయాణానికి, మిగతావి పనిచేయనివారికి వైద్యుల సలహాతో సరే. రెండేళ్ల లోపు పిల్లలకు అసలే వద్దు, ఊపిరి ఆడక ప్రాణం మీదికి రావచ్చు.

రోజుల తరబడి ఓడలో ఉండేవారికి మాత్రల కన్నా చెవి వెనక అంటించే స్కోపొలమైన్ పట్టీ మేలు. ఇది యాంటీహిస్టమిన్ కాదు, చాలాచోట్ల వైద్యుల చీటీ కావాలి. కనీసం నాలుగు గంటల ముందు అంటిస్తే మూడు రోజులు ఉంటుంది. అంటించిన చేతిని సబ్బుతో కడుక్కోవాలి. అదే వేలితో కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది.

వీటన్నిటితోనూ నోరు ఎండిపోతుంది. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రొస్టేట్ వాపు ఉన్నవారు, గర్భిణులు వైద్యులను అడగకుండా వాడవద్దు. మద్యంతో కలపడం ప్రమాదం. బండి నడిపేవారు ఏదీ వేసుకోకూడదు. కొందరు పిల్లలకు నిద్రకు బదులు చిరాకు, అలజడి పెరుగుతాయి. పెద్దలకు కూడా ఎంత మత్తు వస్తుందో ముందే చెప్పలేం కాబట్టి, కొత్త మందును ప్రయాణం రోజున మొదలుపెట్టకుండా అంతకుముందే ఒక సెలవు రోజున ఇంట్లో వేసుకుని చూడండి.