గిట్‌ల్యాబ్ 15.11 నుంచి 17.11కు: ఏడు మజిలీలు, మరచిపోయిన ఒక ఫైలు

పన్నెండు మంది ఉన్న మా చిన్న కార్యాలయంలో, ప్రోగ్రామ్ కోడ్ దాచుకుని కలిసి పనిచేసుకోవడానికి వాడే గిట్‌ల్యాబ్ అన్న సాఫ్ట్‌వేర్‌కు సొంత సర్వర్ ఉంది; దాని బాధ్యత నాది. రెండేళ్లు వాయిదా వేస్తూ వచ్చిన అప్‌గ్రేడ్‌ను ఎట్టకేలకు పూర్తిచేసి, తొమ్మిది నెలలు వాడిన తరువాత ఇది రాస్తున్నాను. కొత్త ఫీచర్ల గురించి అందరూ చెప్పేదే కనుక వాటి జోలికి వెళ్లను. నా మనసు గెలుచుకున్నది ఒక్కటే: వద్దనవలసిన చోట అది మొహమాటం లేకుండా వద్దంటుంది.

ముందుగా వేరే యంత్రంలో రిహార్సల్ చేశాను. బ్యాకప్ తీసిన వెర్షనే అక్కడా ఉంటే తప్ప రీస్టోర్‌కు ఒప్పుకోలేదు. సరిచేశాక ప్రాజెక్టులన్నీ కనిపించాయి గానీ, సీఐ వేరియబుల్స్ (కోడ్‌ను దానంతట అదే పరీక్షించే పనులకు ఇచ్చే పాస్‌వర్డుల వంటి విలువలు) పేజీ తెరిస్తే 500 ఎర్రర్ వచ్చింది, రెండంచెల లాగిన్ పెట్టుకున్న సహోద్యోగి లోపలికే రాలేకపోయారు. తప్పు పూర్తిగా నాదే. రహస్య తాళాలు ఉండే సీక్రెట్స్ ఫైలు బ్యాకప్‌లో చేరదు; ఎన్‌క్రిప్ట్ చేసిన డేటానూ దాని తాళాన్నీ ఒకే మూటలో కడితే ఇక రక్షణ ఏముంది? దాన్ని విడిగా దాచుకోమని బ్యాకప్ చివర హెచ్చరిక కూడా వస్తుంది. ఆ లాగ్‌ను నేను ఏనాడూ చివరిదాకా చదవలేదు. పాత సర్వర్ ఇంకా నడుస్తూ ఉండబట్టి ఆ ఫైలును అక్కడి నుంచి తెచ్చుకోగలిగాను. అది కాలిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా ఇష్టపడను.

తరువాత, ఆశ కొద్దీ, నేరుగా 17.11 ప్యాకేజీ ఎక్కించబోయాను. ముందు 16.11కు రమ్మని చెప్పి అది అక్కడే ఆగింది; పాతది చెక్కుచెదరకుండా నడుస్తూనే ఉంది. అప్పుడు దారికి వచ్చి, ఒక్కసారిగా దూకకుండా తప్పనిసరిగా ఆగవలసిన వెర్షన్లలో ఆగుతూ 16.3, 16.7, 16.11, 17.3, 17.5, 17.8, 17.11 అన్న వరుసలో నడిచాను. మెచ్చుకున్నాను కదా అని ఒక మాట దాచను: 16.7లో నేపథ్య మైగ్రేషన్లు (పాత డేటాను కొత్త వెర్షన్‌కు తగినట్టు వెనకాల మార్చే పనులు) ముగియకముందే తొందరపడితే, ఈసారి అడ్డు చెప్పింది కొత్త ప్యాకేజీ ఎక్కిన తరువాత, డేటాబేస్ మైగ్రేషన్ మధ్యలో. మిగిలింది పూర్తిచేసే ఆదేశం ఎర్రర్ సందేశంలోనే ఉంది గానీ, అసలు సర్వర్ మీద అయితే చెమటలు పట్టేవి. కాబట్టి కాపలా అంతా దానికే వదిలేయకుండా, ప్రతి మజిలీలో అడ్మిన్ పేజీకి వెళ్లి మైగ్రేషన్లన్నీ ముగిశాయని చూసుకోవడం మంచిది. 17కు ముందు గిట్‌ల్యాబ్ వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14వ వెర్షన్ ఉండాలన్న షరతు మాత్రం ఇబ్బంది పెట్టలేదు.

అసలు అప్‌గ్రేడ్ ఒక ఆదివారం ఉదయం మొదలై చీకటి పడేసరికి ముగిసింది. అయితే మాది ఒకే యంత్రం, ఆదివారం సర్వర్ ఆగితే అడిగేవారు లేరు. క్షణం కూడా ఆపలేనివారికి నా అనుభవం ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను. సీక్రెట్స్ ఫైలు ఇప్పుడు రెండు వేర్వేరు చోట్ల ఉంది. మాకు తరువాతి మజిలీ 18.2, దానికి పోస్ట్‌గ్రెస్ 16 కావాలి కనుక మరో ఖాళీ ఆదివారం కోసం చూస్తున్నాను.