గొంతు యంత్రంతో ఆరేళ్లు

క్యాన్సర్ కారణంగా 2019లో బెంగళూరులో నా స్వరపేటికను పూర్తిగా తొలగించారు. అప్పటి నుంచి మెడ ముందున్న రంధ్రం గుండానే ఊపిరి తీసుకుంటూ, టార్చిలైటంత ఉండే ఎలక్ట్రోలారింక్స్‌తో మాట్లాడుతున్నాను. దానిని గదవ కింద ఆనించి మీట నొక్కితే పుట్టే అదురు చర్మం గుండా నోటిలోకి చేరుతుంది. నాలుక, పెదవులు దానిని మాటగా మలుస్తాయి.

రేడియేషన్ వల్ల నా మెడ కుడి పక్క బిరుసెక్కింది కనుక, మాట స్పష్టంగా పలికే చోటు ఎడమ వైపున దొరకడానికి మూడు వారాలు పట్టింది. యంత్రాన్ని ఎడమ చేత పట్టడమే మేలు, కుడి చేయి ఖాళీగా ఉంటుంది. అనంతపురం ఎండల్లో చెమటకు అది జారుతుంది. గడ్డం పెరిగినా సరిగా ఆనదు. బస్టాండు రొదలో మాత్రం దీనితో పని జరగదు.

తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఈ యంత్రం వ్యాకరణం వింతగా తోచింది. మీట నొక్కినంత సేపూ అదురు ఆగదు కనుక పరుషాలన్నీ సరళాలుగా వినిపిస్తాయి. ముందు ద్రుతం (నకారం) ఉన్నా లేకపోయినా ఇది సరళాదేశ సంధి చేసేస్తుంది. ‘పాలు’ అంటే ‘బాలు’, ‘తాత’ అంటే ‘దాద’. మా మనవడు ఇప్పటికీ నన్ను ‘దాదా’ అనే పిలుస్తాడు. పదం మొదటి ప, త, క లను నోటిలోని గాలితోనే గట్టిగా పలికి, వెంటనే మీట నొక్కడం అలవాటయ్యాక ఈ చిక్కు చాలావరకు తగ్గింది.

తీరని లోపం స్వరంలో హెచ్చుతగ్గులు లేకపోవడం. ‘వచ్చినాడా’ అన్న ప్రశ్నను చివరి దీర్ఘమే కాపాడుతుంది గానీ, ‘ఏమిరా’ అన్నది ముద్దో కోపమో ఈ గొంతులో తెలియదు. ఒకసారి ఫోనులో ‘ఎప్పుడొస్తావు తల్లీ’ అని అడిగితే, మా అమ్మాయి కాసేపు మౌనంగా ఉండి, ‘ఏం నాయనా, కోపమొచ్చిందా?’ అంది. ఆనాటి నుంచి వీడియో కాల్ తప్ప మామూలు ఫోను చేయలేదు. అయితే ముఖం చూపించినంత మాత్రాన సరిపోలేదు. అద్దం ముందు నిలబడి మాట్లాడినప్పుడే, యంత్రాన్ని అదిమే ప్రయాసలో నా కనుబొమలు ముడిపడుతున్నాయనీ, ఎదుటివారు దానినే చిరాకుగా చదువుకుంటున్నారనీ గ్రహించాను. ఒకే వాక్యాన్ని నవ్వుతూ, అడుగుతూ, గద్దిస్తూ రోజూ పది నిమిషాలు అద్దంలో సాధన చేశాను. 2020లో అందరూ మాస్కులు కట్టుకున్నప్పుడు నా పెదవులు కనపడక ఆ సాధనంతా వృథా అయి, మళ్లీ పలక మీద రాసి చూపించాల్సి వచ్చింది.

శ్వాసనాళానికీ అన్నవాహికకూ నడుమ సిలికాన్ కవాటం పెట్టించుకున్న మిత్రుడొకరి మాట ఊపిరితిత్తుల గాలితో పలుకుతుంది కనుక నాకంటే సహజంగా ఉంటుంది. కానీ ఆ కవాటం కారినప్పుడల్లా మార్పించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాలి. ఆ తిరుగుడు నాకు ఓపిక లేని పని. యంత్రమే చాలనుకునేవారు మెడకు ఆనించి పలికి చూసుకోనిచ్చే చోటే కొనాలి. చూసుకోకుండా నేను కొన్న మొదటిది ఇప్పటికీ బీరువాలోనే ఉంది.