చీరతో పాటు నేత కథ కూడా చెప్పి అమ్మడం: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

పోచంపల్లి ఇక్కత్ అంటే ఏంటి, జీఐ (ఊరి పేరు మీద వచ్చే సర్కారు గుర్తింపు) ఎప్పుడొచ్చింది లాంటివి వదిలేస్తున్నా, అందరికీ తెలిసినవే. "కథ చెప్పండి, కస్టమర్లు వాళ్లే వస్తారు" అని ఈ మధ్య ఎవరు పడితే వాళ్లు క్లాసులు పీకుతున్నారు కదా, ఆ పద్ధతి మేము వాట్సాప్‌లో చాన్నాళ్లుగా వాడుతున్నాం. అందులో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే, వాయిస్ నోట్. రీళ్లు, పోస్టర్లు, పెద్ద పెద్ద క్యాప్షన్లు, అవన్నీ ఉన్నా లేకపోయినా ఒకటే.

మాది నేత ఇల్లు. అత్తమ్మ చిటికి కడుతుంది, అంటే రంగు ఎక్కకూడని చోట పోగుల్ని బిగించి కట్టడం, మామయ్య మగ్గం మీద, నేను ఫోన్ మీద. మొదట్లో వాపసులతో ప్రాణం విసిగిపోయేది. అందరిదీ ఒకటే గొడవ, పువ్వు అంచులు క్లియర్‌గా లేవు, రంగు పాకింది, ప్రింట్ చెదిరింది అని. విజయవాడ నుంచి ఒకావిడ అయితే ఫోటో మీద ఎర్ర గీత గీసి మరీ పంపారు. నేను ఇంత పొడుగు మెసేజ్ కొట్టా, పోగుకే ముందు రంగు వేసి ఆ తర్వాత నేస్తామండీ, అంచు అలాగే వస్తుందండీ అని. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం "పికప్ ఎప్పుడు" అని.

పక్కనే పని చేసుకుంటున్న అత్తమ్మ "ఏమంటుంది ఆమె" అని నా చేతిలోంచి ఫోన్ గుంజుకుని మైక్ నొక్కి మొదలుపెట్టింది. "అమ్మా, నీ చీరకు చిటికి కట్టింది నేనే. సైకిల్ ట్యూబు సన్నగ కోసి ఆ రబ్బరుతోని పోగులు గట్టిగ కడ్తం, కట్టినకాడ రంగు ఎక్కదు. ఎంత బిగ్గ కట్టినా అంచుల పొంటి జరంత లోపలికి పాకుతది, గందుకే ఈక లెక్క కనవడుతది. గీత గీసినట్టు సాఫుగ ఉంటే అది ప్రింటు, మనది కాదు. నచ్చకుంటే పంపియ్యి, నేనే కట్టుకుంట." వెనకాల మగ్గం టకటకలు, మధ్యలో మా కుక్కర్ విజిల్ కూడా పడింది. అయిపోయిందిలే ఈ కస్టమర్ పని అనుకున్నా. కాసేపటికి ఆవిడ నుంచి మెసేజ్, "పికప్ వద్దండీ, ఆ సౌండు మగ్గానిదేనా?" అని. ఆ ఆడియో వాళ్ల అక్కచెల్లెళ్ల గ్రూపులో పెట్టారట, నెల తిరక్కుండానే వాళ్ల చెల్లెలు "ఆ రబ్బరు కట్టే ఆంటీ దగ్గరే కావాలి" అని ఆర్డర్ పెట్టింది. అప్పట్నుంచి అంచుల గురించి ఎవరడిగినా అత్తమ్మే మాట్లాడుతుంది, ఆ ఒక్క కారణంతో వచ్చే వాపసులు దాదాపు ఆగిపోయాయి.

ఇక మంట పుట్టించింది ఒకటుంది. మధ్యలో బిజినెస్ పెంచుదామని హైదరాబాద్‌లో ఒక మార్కెటింగ్ టీమ్‌కి డబ్బులు కట్టాం. ఇంటికొచ్చి చూసి ఆసు (చిటికి కట్టే ముందు పోగుని మేకుల చుట్టూ చుట్టే పని) మిషన్ ఫ్రేమ్‌లో వద్దు, అమ్మగారు చేత్తో ఆసు పోస్తున్నట్టు తీద్దాం, ఆథెంటిక్‌గా ఉంటుంది అన్నారు! ఒక చీరకి చేత్తో ఆసు పోయాలంటే ఆ మేకుల చుట్టూ చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, మా వైపు ఆడవాళ్ల భుజాలన్నీ దానికే పోయాయి. వాళ్లమ్మ ఆ బాధ పడటం చూడలేకే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు మిషన్ తయారు చేశారు, 2017లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. చెప్పుకోవాల్సిన కథ మూలన ఆ మిషన్ రూపంలో కూర్చుని ఉంటే దాన్ని దాచిపెట్టి నాటకం ఆడమంటారేంటి. అత్తమ్మ ఒకటే మాట అంది, "భుజం పోయిందనే గదా మిషన్ తెచ్చుకున్నది, మళ్ల కెమెరా కోసం తిప్పాల్నా?" చివరికి మామయ్యని మగ్గం మీద చూపించి, ఫ్లూట్ మ్యూజిక్ పెట్టి, "ఆరు నెలల తపస్సు" అని రాసి వదిలారు. అన్ని పనులూ కలిపినా అంత కాలం పట్టదు. లైకులు బాగానే వచ్చాయి, కింద ఒకతను "ఆరు నెలలకి ఈ రేటేనా, మరి నేతన్నకి రోజుకి ఎంతిస్తున్నారు" అని అడిగాడు. మా దగ్గర జవాబేముంది, తీసేయించాం.

అలాగని వాయిస్ నోట్‌ని మరీ ఆకాశానికెత్తను. దీన్ని స్టాక్ పెట్టుకోలేం. మా మరిది ఒకటి రికార్డ్ చేసి పెట్టుకుని అందరికీ పంపడం మొదలుపెడితే పైన "ఫార్వర్డెడ్" అని పడుతుంది కదా, ఒకామె వెంటనే "ఇది అందరికీ పంపేదేనా" అంది. అడిగిన ప్రశ్నకి అడిగినవాళ్లకే చెప్తే పని చేస్తుంది, లేదంటే ఇంకో యాడ్. అత్తమ్మకి మూడ్ లేకపోతే రెండు రోజులు జవాబే ఉండదు, ఈలోపు కస్టమర్ ఇంకెక్కడో కొనేస్తారు. కథతో రేటు పెరుగుతుంది అని క్లాసుల్లో చెప్తారు చూడండి, అది నేనైతే చూడలేదు. అంతా విని, "ఎంత బాగా చెప్పారండీ" అని, చివర్లో "రెండు వేలు తగ్గించండి అక్కా" అంటారు. పైగా ప్రింట్ చీరలు అమ్మేవాళ్లు కూడా ఇవే మగ్గాల వీడియోలు పెట్టుకుంటున్నారు, కొత్తవాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది? అందుకే పట్టుకైతే సిల్క్ మార్క్, నేతకి హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఫోటో మేము ముందే పంపేస్తాం, కథ ఆ తర్వాతే.

మాకు పని చేసిందంటే ఇంట్లోనే మగ్గం ఉంది, అడిగితే జవాబు చెప్పే మనిషి ఉంది. హోల్‌సేల్‌లో తెచ్చి అమ్మేవాళ్లకి ఎంతవరకు నడుస్తుందో నేను చెప్పలేను, నేసినవాళ్ల నంబర్ కూడా లేకపోతే మాత్రం జోలికి పోకపోవడమే మంచిది. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే మాకూ కుదరదు, ఫోటో, రేటు, లేబుల్ పెట్టేసి ఊరుకుంటున్నాం. అప్పుడూ చీరలు పోతున్నాయి, కాకపోతే వాపసులు కొంచెం ఎక్కువ.