రొయ్య బొమ్మకు చుక్కలు మేలా, వాటర్ కలరా?

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో జువాలజీ చదివేవాళ్లూ, రొయ్యల గుంటల దగ్గర పెట్టుకోవడానికి చార్టులు వేయించేవాళ్లూ తరచూ అడిగేది ఇదే. పెన్సిల్ పని రెంటికీ ఒకటే: డివైడర్‌తో కొలిచి, అసలుకు రెట్టింపు సైజులో గీసుకోవాలి. తేడా ఆ తర్వాత వస్తుంది: వెలుగునీడలు సిరా చుక్కలతో చూపాలా, వాటర్ కలర్ పూతతోనా అని.

వాటర్ కలర్ అయితే రొయ్య ఐసు మీద తాజాగా ఉండగానే రంగులు రాసిపెట్టుకోవాలి. ఫార్మలిన్‌లో (కుళ్లకుండా నిల్వ ఉంచే ద్రావణం) వేశాక చూసి వేస్తే అది సీసాలో రొయ్య రంగే అవుతుంది. కాగితం నున్నటిది, 300 జీఎస్‌ఎం (కాగితం బరువు కొలత) ఉండాలి. గరుకుదైతే మీసాల గీత తెగుతుంది. కార్తీకం ముసురులో కింది పూత ఓ పట్టాన ఆరదు, తొందరపడి రెండోది వేస్తే మచ్చ కడుతుంది. ఓపికుంటే ఇవన్నీ దాటొచ్చు.

దాటలేనిది అచ్చు. తేల్చాల్సింది అక్కడే. వనామీ రొయ్య రోస్ట్రంకి (తల ముందుకు పొడుచుకొచ్చిన రంపం లాంటి ముల్లు) పైన 7–10 పళ్లు, కింద 2–4. టైగర్ రొయ్యకి మామూలుగా పైన 7, కింద 3. లెక్కలు కలిసిపోతున్నాయి కాబట్టి పళ్లతోపాటు రోస్ట్రం వంపు, పక్క గాడి కూడా తేటగా కనపడాలి. నలుపు తెలుపు జిరాక్స్‌లో లేత పూతలన్నీ ఒకే బూడిద రంగైపోయి ముందు పోయేవి ఇవే. పూర్వం రంగు వేయడమూ తిప్పలే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ 1843–47లో మద్రాసు నుంచి ప్రచురించిన 50 పక్షుల ప్లేట్లకు రంగులు చేత్తో అద్దినవే. చేతి రంగు ఏ రెండు కాపీల్లోనూ అచ్చం ఒకేలా రాదు.

బొమ్మను అచ్చులో సగానికి తగ్గించినా చుక్కలు నిలుస్తాయి, వాటి సైజు సరిగా ఎంచుకుంటే. అంచుకు 0.35 మి.మీ., చుక్కలకు 0.2 మి.మీ. పెన్ను చాలు. 0.1తో పెడితే సగం సైజులో 0.05 అయి ఎగిరిపోతుంది. మరీ దగ్గరగా పెడితే సిరా కలిసి నల్లముద్ద. పెన్ను నిలువుగా పట్టండి, వాల్చి పెడితే చుక్కకు తోక వస్తుంది. వెలుగు ఎడమ పై మూల నుంచి. నీడవైపు మొదలుపెట్టి వెలుగులోకి పలచన చేస్తూ రండి. వరసలు కట్టొద్దు, లేని చార పుడుతుంది. ఒక కాలు పూర్తవగానే 50 శాతానికి జిరాక్స్ తీయించి చూడండి. పక్కన ‘×2’ అని రాయకుండా స్కేలు గీత వేస్తే, బొమ్మతోపాటు అదీ తగ్గి కొలత తప్పదు.

అడ్డగీతల నీడ త్వరగా అవుతుంది గానీ పెంకు మీది గాడులతో కలిసిపోతుంది. డ్రాయింగ్ ట్యాబ్లెట్ ఉంటే మంచిదే, నియమాలు ఇవే.

కళలోకి వెళ్లినదీ ఎక్కువగా గీతే. జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ 1899–1904 మధ్య 100 ప్లేట్లు అచ్చువేశాడు. ఆయన గీసిన రేడియోలేరియా (సముద్రపు ఏకకణ జీవులు) ఆకారాల్లోంచే 1900 పారిస్ ఎగ్జిబిషన్ ముఖద్వారం పుట్టింది. వెంకటగిరి జాందానీ చీరకు గ్రాఫు మీద బుటా దింపాలన్నా కావలసింది అంచు, గడులే. పూతల ఛాయలు అక్కడ పనికిరావు.

పులికాట్ ఫ్లెమింగోలకు మాత్రం వాటర్ కలరే. అక్కడ రెండు జాతులు: పెద్దదాని ముక్కు గులాబీ రంగు, కొన నలుపు. చిన్నదాని ముక్కు ముదురు ఎరుపు, దూరానికి నల్లగానే కనిపిస్తుంది. ఆ తేడా చుక్కలతో పూర్తిగా చెప్పలేం.