రిచీ స్ట్రీట్ 60 రెట్ల మైక్రోస్కోపు: పాత బేస్‌బాల్ కార్డులకు ఎంతవరకు పనికొస్తుంది?

చెన్నై మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కొన్ని వందల రూపాయలకే దొరికే బుల్లి మైక్రోస్కోపు ఇది. మూడు ఎల్‌ఆర్ 1130 బటన్ సెల్స్, రెండు తెల్ల ఎల్‌ఈడీలు, దొంగ నోట్లు చూడటానికని ఒక యూవీ ఎల్‌ఈడీ. అమెరికా చుట్టాలు తెచ్చిన టాప్స్ (అక్కడి కార్డుల కంపెనీ) బేస్‌బాల్ కార్డుల్లో ఏది ప్రెస్సులో వచ్చిన తేడా, ఏది ఎండకు వెలిసింది, ఏది ఎవరో గీకింది అని తేల్చుకోవడానికి చాలామంది దీన్నే కొంటున్నారు. నకిలీలు పట్టడానికి భేషుగ్గా ఉంది. రంగు తేడాలు చూడటానికి మాత్రం దండగ.

ముందు మంచి సంగతి. ఈ కార్డులు అచ్చేసే ఆఫ్‌సెట్ పద్ధతిలో నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఒక్కోదానికి ఒక్కో ప్లేటు. ఫొటో చుక్కలుగా పడుతుంది కానీ నల్ల అక్షరాలు, నల్ల గీతలు నలుపు ప్లేటు మీంచి నిండుగా పడతాయి. కాబట్టి లెన్సు పెట్టాల్సింది ఆటగాడి ముఖం మీద కాదు, నల్ల అక్షరం అంచు మీద. అసలు కార్డులో అక్షరం కాటుక దిద్దినట్టు ఒకే నలుపు. స్కాన్ చేసి మళ్లీ అచ్చేసిన దాంట్లో అదే అక్షరం ఎరుపు, నీలం, పసుపు చుక్కల గుంపుగా చెదిరిపోయి కనిపిస్తుంది. పది సెకన్ల పని. అడుగున ఉన్న ప్లాస్టిక్ అంచు కార్డు మీద గీతలు పెడుతుంది, అందుకని పల్చటి ప్లాస్టిక్ స్లీవ్‌లో (కవర్లో) ఉంచే చూడండి. ఫోకస్ చక్రం వదులుగా ఉంటుంది, చేయి కదిలితే మళ్లీ మొదటికి.

గీకిన కార్డులు పట్టడంలోనూ ఇది గట్టిదే. 1990 టాప్స్ 414వ నంబరు ఫ్రాంక్ థామస్ కార్డుల్లో కొన్నింటికి ముందువైపు పేరే లేదు, అక్కడ నలుపు పడలేదు. 1958 టాప్స్ 433లో ఆటగాడు హెరేరా పేరు చివరి అక్షరం ఎగిరిపోయి ‘హెరేర్’ అయింది. రెండూ ఖరీదైనవే, అందుకే మామూలు కార్డు తీసుకుని రబ్బరుతో చెరిపేవాళ్లూ ఉన్నారు. ఖాళీ జాగాను ఏటవాలు వెలుతురులో చూస్తే సంగతి తేలుతుంది: చెరిపిన చోట మెరుపు పోయి కాగితపు పీచు లేస్తుంది, అసలైన దాంట్లో పక్కనున్న జాగాతో సమంగా నున్నగా ఉంటుంది.

ఇక్కడితో దీని పని అయిపోయింది. 1962 టాప్స్ రెండో సిరీస్‌లో, అంటే 110 నుంచి 196 వరకు, ‘గ్రీన్ టింట్’ అనే రకం ఉంది. ఫొటో అంతా పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉంటుంది, కొన్నింటికి ఫొటో కత్తిరింపే వేరు. అది తేల్చడానికి ఈ ఎల్‌ఈడీ పనికిరాదు, నీలం కలిసిన ఆ తెల్ల వెలుతురులో అసలు రంగు తెలియదు. అదే నంబరు మామూలు కార్డు పక్కన పెట్టి, వరండాలో నీడపట్టున, పగటి వెలుతురులో కళ్లతోనే చూడాలి. ముందు కత్తిరింపు తేడా వెతకండి, రంగు తర్వాత.

వెలిసిన కార్డుల గొడవ ఇంకా ఎక్కువ. ఎండకు ముందు పోయేవి పసుపు, ఎరుపు ఇంకులు. నీలం, నలుపు నిలబడతాయి. 1969 టాప్స్ 500వ నంబరు మికీ మాంటిల్ కార్డులో ఇంటిపేరు మామూలుగా పసుపు, అరుదైన దాంట్లో తెలుపు. కిటికీలో పెట్టి పసుపు పోగొట్టి ‘వైట్ లెటర్’ అని అంటగట్టే అవకాశం ఉంది. పట్టేది ఇలా: నిజమైన దాంట్లో పేరొక్కటే తెలుపు, మిగతా రంగులు మామూలే. ఎండ దెబ్బ తిన్నదాంట్లో ఫొటోలోని పచ్చదనం కూడా నీలంగా మారుతుంది. ఈ చూపుకి 10 రెట్ల లూపే (చిన్న భూతద్దం) మేలు, కార్డులో పెద్ద భాగం ఒకేసారి కనబడుతుంది. 60 రెట్లలో చెట్టు కనబడుతుంది, తోట కనబడదు.

చుట్టూ తెల్ల వలయంతో చుక్క కనిపిస్తే ‘కొత్త రకం’ అని సంబరపడొద్దు. ప్లేటు మీదో, ఇంకును కాగితానికి అంటించే రబ్బరు బ్లాంకెట్ మీదో నలుసు కూర్చుంటే పడే మచ్చ అది, ప్రెస్సువాళ్లు హికీ అంటారు. అదే మచ్చ అదే చోట ఇంకో రెండు కార్డుల్లోనూ దొరికితే తప్ప పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

యూవీ ఎల్‌ఈడీ బలహీనం, అదీ ఊదా వెలుతురు కలిసి వస్తుంది. యూవీ కింద నీలంగా మెరిసే, తెల్లదనం పెంచే రసాయనాలు కాగితంలో విరివిగా కలిపింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. కాబట్టి 1909–11 నాటి టీ206 (సిగరెట్ పెట్టెల్లో వచ్చిన పాత రకం) అని చెప్పిన కార్డు యూవీ కింద నీలంగా ధగధగ మెరిస్తే అనుమానించాల్సిందే. ఆ పరీక్షకు చీకటిగది, వేరే మంచి యూవీ టార్చి కావాలి. దీంతో ఆ పని పెట్టుకోవద్దు.

చెన్నై ఉప్పుగాలికి బటన్ సెల్స్ కారి స్ప్రింగులు పచ్చబడతాయి, లెన్సుకు బూజు పడుతుంది. వాడనప్పుడు సెల్స్ తీసేసి, సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. కార్డుల్ని మాత్రం అదే డబ్బాలో పడేయకండి.