అచ్చుతప్పు నాణేలు వెతకడానికి కాటా, భూతద్దం, మైక్రోస్కోప్: ఏది కొనాలి, ఏది మానాలి

అమెరికా టంకశాల 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో చలామణీ కోసం చివరి పెన్నీలను, అంటే ఒక సెంటు నాణేలను ముద్రించినప్పటి నుంచి, మా బంధువర్గంలో పెన్నీల మీద ఒక్కసారిగా గౌరవం పెరిగింది. డాలస్ నుంచి వచ్చిన ప్రతిసారీ సూట్‌కేసు మూలల్లో మిగిలిపోయి, చివరికి హార్లిక్స్ సీసాలో చేరిన చిల్లరంతా మా బావగారు నా ముందు కుమ్మరించి, ఇందులో అచ్చుతప్పి లక్షలు పలికేది ఏదైనా ఉందేమో చూడమన్నారు. నాణేలు సేకరించే అలవాటు నాకు ఎప్పటినుంచో ఉన్నా, ఆ పని కోసమే మూడు పరికరాలు కొన్నాను. నూరోవంతు గ్రాము వరకు చూపే జేబు కాటా 450 రూపాయలు, యూఎస్‌బీ మైక్రోస్కోప్ 1,800 రూపాయలు, రెండూ చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికాయి. పది రెట్లు పెంచి చూపే లూప్‌ను, అంటే కంటికి ఆనించుకునే చిన్న భూతద్దాన్ని, షావుకారుపేటలో కంసాలుల పనిముట్లు అమ్మే చోట 350 రూపాయలకు తీసుకున్నాను. మింట్ స్ట్రీట్ పక్కన నిలబడి నాణేల కోసం భూతద్దం బేరమాడడం నాకు సరదాగా అనిపించింది. ఆ వీధికి పేరిచ్చిన మద్రాసు టంకశాల 1869లోనే మూతపడింది.

నా తీర్పు ముందే చెబుతాను. కాటా తప్పక కొనవలసినది, లూప్ పరీక్షించి కొనవలసినది, మైక్రోస్కోప్ కొనకపోయినా ఏ లోటూ రానిది.

కాటాకు మొదటి స్థానం ఇవ్వడానికి కారణం 1982 నాటి పెన్నీ. రాగి ధర పెరగడంతో ఆ సంవత్సరం మధ్యలో అమెరికా టంకశాల 95 శాతం రాగి ఉన్న మిశ్రమాన్ని వదిలి, జింకు బిళ్లకు (ఇంకా అచ్చు పడని లోహపు చక్రానికి) పలుచని రాగి పూత వేసే పద్ధతికి మారింది. పాతది 3.11 గ్రాములు, కొత్తది 2.50 గ్రాములు తూగుతుంది. చూడడానికి మాత్రం రెండూ ఒకటే. డెన్వర్ టంకశాల గుర్తయిన ‘డి’ అక్షరంతో, చిన్న అంకెల తేదీతో ఉండి, పొరపాటున పాత మిశ్రమం మీదే పడిన 1982 పెన్నీ ఒకటి 2016లో నిపుణుల పరీక్షలో నిజమైనదని తేలింది. దాన్ని పట్టుకోవడానికి తేదీ చదివే కళ్లూ 0.61 గ్రాముల తేడా చెప్పే కాటా చాలు, ఎంత పెద్ద భూతద్దమైనా అక్కడ పనికిరాదు. 1983 తేదీతో 3.1 గ్రాములు తూగే పెన్నీ కనబడినా విడిగా దాచిపెట్టవలసిందే. యుద్ధకాలంలో ఉక్కుతో ముద్రించిన 1943 పెన్నీ 2.70 గ్రాములు ఉండాలి. అదే తేదీతో ఎర్రగా కనిపించి అయస్కాంతానికి అంటుకుంటే, అది ఎవరో రాగి పూత పూసిన ఉక్కు నాణెమే.

మన చిల్లరకు కూడా ఈ కాటా బాగానే పనిచేస్తుంది. పాత కుప్రోనికెల్ (రాగి, నికెల్ మిశ్రమం) అయిదు రూపాయల నాణెం 9 గ్రాములు, తరువాత 2019కి ముందు వచ్చిన ఉక్కు, ఇత్తడి రంగు నాణేలు 6 గ్రాములు. రెండు లోహాల పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములు. వేరే విలువ నాణెం కోసం కోసిన బిళ్ల మీద అచ్చు పడిందేమో అన్న అనుమానం ఈ అంకెలతో క్షణంలో తేలిపోతుంది.

లోపాలు లేకపోలేదు. నిమిషం వదిలేస్తే కాటా తనంతట తానే ఆగిపోతుంది, మళ్లీ సున్నా దగ్గర నుంచి మొదలుపెట్టాలి. గాలి సోకితే చివరి అంకె నిలవదు, కాబట్టి ఫ్యాన్ ఆపక తప్పదు. మే నెల చెన్నైలో అది చిన్న విషయం కాదు. “ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపి మరీ పైసలు తూచాలా, అల్లుడుగారూ?” అని మా అత్తగారు అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది.

లూప్ విషయంలో పెట్టె మీద ముద్రించిన అంకెలను నమ్మకూడదు. ముప్పై రెట్లు అని చెక్కి ఉన్న చవక లూప్‌లలో చాలావరకు పది రెట్లకు మించి చూపవు. దీన్ని కొట్టులోనే తేల్చుకోవచ్చు: నిజంగా పది రెట్లు చూపే కటకం కింద నాణెం సుమారు 25 మిల్లీమీటర్ల దూరంలో స్పష్టంగా కనిపిస్తుంది, ముప్పై రెట్లయితే ఆ దూరం ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గిపోవాలి. మూడు కటకాలు అతికించి చేసిన లూప్ అయితే అంచుల్లో రంగుల చారలు కనబడవు. నాది అటువంటిదే, అందుకు ఇచ్చిన డబ్బు దండగ కాలేదు. 1992 పెన్నీ వెనుకవైపు ‘అమెరికా’ అన్న మాటలో మొదటి రెండు ఇంగ్లిషు అక్షరాల (ఏ, ఎం) పాదాలు దాదాపు తాకుతున్నట్టు ఉంటే అది అరుదైన రకం. దాన్ని గుర్తించడానికి పది రెట్లు సరిపోతాయి. అంచు కొరికినట్టున్న నాణేలలో కాటా కంటే లూప్‌దే పైచేయి. ఎవరైనా ఆకురాయితో అరగదీసినా బరువు తగ్గుతుంది కనుక తూకం ఏమీ తేల్చదు. బిళ్ల కోసేటప్పుడే కోత తప్పుగా పడినదైతే, ఆ కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా సాధారణంగా బలహీనంగా, చదునుగా కనిపిస్తుంది.

ఇక మైక్రోస్కోప్. వెయ్యి రెట్లు అని గొప్పగా రాసి ఉన్నా, తెర పరిమాణాన్ని బట్టి మారే ఆ అంకెకు అర్థం లేదు. చుట్టూ ఉన్న ఎల్‌ఈడీ దీపాల వెలుగు ఉక్కు రూపాయి మీద తెల్లని మచ్చలుగా పడి అసలు విషయాన్ని కప్పేస్తుంది. వాటిని ఆర్పి, పక్కనుంచి టేబుల్ దీపం వాలుగా వేసుకుంటేనే గీత గీతగా కనిపిస్తుంది. స్టాండు ముట్టుకుంటే వణుకుతుంది. వీటన్నిటి కంటే పెద్ద ఇబ్బంది, అది ప్రతి నాణెంలోనూ ఏదో ఒక వింతను చూపించడం. ఒక రూపాయి మీద సంవత్సరపు అంకెల పక్కన రెండో అంకెలు ఉన్నట్టు తెరమీద కనిపించింది. తిప్పి చూస్తే అది అంకె ఒంటినే ఒక పక్క నొక్కి పలుచన చేసిన చదునైన మెట్టు, అంటే దెబ్బ పడ్డాక అచ్చు (బిళ్ల మీద బొమ్మను నొక్కే దిమ్మ) కొద్దిగా జారడం వల్ల వచ్చిన జాడ. దానికి అదనపు విలువేమీ లేదు. అచ్చు తయారీలోనే జరిగిన జంటముద్రలో గీతలు గుండ్రంగా, లావుగా, కొసల దగ్గర చీలి ఉంటాయి. పేరు మోసిన 1955 పెన్నీలో తేదీ, అక్షరాలు రెండేసిగా మామూలు కంటికే కనిపిస్తాయి. 1972, 1995 నాటివి కూడా దాదాపు అంతే. రెండువందల రెట్లు పెంచితే తప్ప కనబడని లోపానికి కొనుగోలుదారు దొరకడం కష్టం. జింకు పెన్నీల మీద పూత కింద గాలి బుడగలు లేచి లింకన్ భుజం దగ్గర పొక్కుల్లా కనిపించేవి కూడా ఇలాంటి భ్రమలే.

అసలు కొన్ని తప్పులకు ఏ పరికరమూ అక్కరలేదు. మన వ్యాపారులు లఖీ అని పిలిచే నాణెంలో ఒకవైపు బొమ్మే రెండోవైపు తిరగబడి, గుంటగా పడి ఉంటుంది. ముందు ముద్రించిన నాణెం అచ్చుకు అంటుకుపోయి తరువాతి బిళ్లను నొక్కడం వల్ల అలా జరుగుతుంది. అచ్చు తిరిగిన, అంటే ఒకవైపుతో పోలిస్తే రెండోవైపు బొమ్మ పక్కకు ఒరిగిన నాణేల కోసం పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పి చూస్తే, మన రూపాయికి రెండు వైపులా నిటారుగా ఉండాలి. పెన్నీకి వెనుకవైపు తలకిందులుగా వస్తుంది, అది అక్కడి పద్ధతే. ఈ సంగతి తెలియక బావగారు సీసాలోని పెన్నీలన్నీ అరుదైనవేనని కాసేపు సంబరపడ్డారు.

సీసాలో అమ్ముకోదగ్గది ఏదీ దొరకలేదు. ఇంట్లో పోగైన రూపాయల్లో ఒకటి మాత్రం అచ్చు కొంత తిరిగినది. దొరికినదాన్ని ఇత్తడి చెంబులా చింతపండుతో తోమితే సేకర్తల దగ్గర ఉన్న విలువ కూడా పోతుంది. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలకు కమీషన్లు, పన్నులు అడిగేవారి గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ముందు మీరే డబ్బు కట్టాలన్న కొనుగోలుదారుతో మాట పెంచుకోవద్దు.

కాటా కొనడానికి వెళ్లేటప్పుడు కొత్త ఇరవై రూపాయల నాణెం ఒకటి జేబులో వేసుకోండి. పళ్లెం మధ్యలో పెడితే 8.54 గ్రాములు చూపాలి. అంచుకు జరిపినా నూరోవంతు, రెండు నూరోవంతుల కంటే తేడా రాకూడదు. తీసేయగానే సున్నాకు తిరిగిరావాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఇంకో కాటా తీయించండి.