రెండున్నరేళ్లు వాడాక నా కెమెరా గురించి: ఉప్పలపాడు కొంగలు, పులికాట్ ఎండ, తుమ్మముళ్లు

కొన్న నాలుగో నెలలోనే ఈ కెమెరాను అమ్మేద్దామనుకున్నాను. ఫోటోలు తీసి ప్రకటన కూడా రాసి పెట్టుకున్నాను. ఇప్పటికి రెండున్నరేళ్లు నిండాయి, షట్టర్ లెక్క (ఇప్పటిదాకా తీసిన ఫోటోల సంఖ్య) 52 వేలు దాటింది, కెమెరా ఇంకా నా దగ్గరే ఉంది. మధ్యలో ఏం జరిగిందో చెబుతాను.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే బాపతు, పేరు రాస్తే ఇక మిగతాది ఎవరూ చదవరు, కంపెనీల అభిమానుల తగువే మిగులుతుంది. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీ, 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సైజు సెన్సర్, దానికి 100-400 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్. సెన్సర్ చిన్నది కాబట్టి 400 దగ్గర కనిపించే దృశ్యం ఫుల్ ఫ్రేమ్‌లో (అంతకంటే పెద్ద సెన్సర్‌లో) 600తో సమానం. రెండూ కలిపి లక్షన్నరకు కాస్త అటూ ఇటూ అయింది. నేను గుంటూరులో హైస్కూల్ మాస్టారిని, ఏడాది పాటు ఈఎంఐ కట్టాను. "ఏవండీ, కొంగను చూడ్డానికి కళ్లు చాలవా?" అని మా ఆవిడ ఆ రోజు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అంతకుముందు ఆరేళ్లు ఒక బ్రిడ్జ్ కెమెరా (లెన్స్ మార్చలేని, పెద్ద జూమ్ ఉన్న కెమెరా) వాడాను. యాభై రెట్ల జూమ్, అదే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 1200 దాకా లాగేది. అంటే కొత్త కెమెరా, అన్ని డబ్బులు పోసి కొన్నది, పాతదానిలో సగం దూరమే చూస్తుంది. ఇది తెలిసే కొన్నాను గానీ, తెలియడం వేరు, చెరువు గట్టున నిలబడి చూడడం వేరు. పాత కెమెరా సెన్సర్ కంటే దీని సెన్సర్ వైశాల్యం పదమూడు రెట్లు ఎక్కువ, అందుకే తెల్లవారుజామున కూడా ఈకలు ఈకల్లా కనిపిస్తాయి, పాతదానిలో అలికినట్టు వచ్చేవి. దూరం పోయింది, వెలుతురు వచ్చింది. ఈ బేరం మీకు నచ్చకపోతే ఈ రకం కెమెరా జోలికి పోకండి.

ఇక అమ్మేద్దామనుకున్న కథ. ఫిబ్రవరిలో ఫ్లెమింగోల కోసం పులికాట్ వెళ్లాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే సాగుతుంది, రెండు వైపులా నీళ్లే. దారిలో టిఫిను, కబుర్లు అయ్యి అక్కడికి చేరేసరికి పదకొండయింది. పక్షులు రోడ్డుకు మూడు వందల మీటర్ల అవతల గులాబీ గీతలా ఉన్నాయి. నాలుగు వందల ఫోటోలు కొట్టాను. రాత్రి లాడ్జిలో లాప్‌టాప్‌లో చూస్తే ఒక్కటంటే ఒక్కటి సరిగా లేదు. నీళ్లలో తడిసిన పటంలా అన్నీ మెత్తగా ఉన్నాయి. లెన్స్‌లో లోపం ఉందని తేల్చేసుకున్నాను. ఊరికొచ్చాక ఫోకస్ సరిచూడమని సర్వీసుకిచ్చాను. అది ఏ కంపెనీ సర్వీసో చెప్పను గానీ, మూడు వారాలు ఉంచుకుని "అంతా బాగానే ఉంది సార్" అని ఒక కాగితం ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది. ప్రకటన రాసింది ఆ రాత్రే.

నిజానికి వాళ్లు చెప్పిందే నిజం. తప్పు లెన్స్‌ది కాదు, గాలిది. ఎండెక్కాక నేల మీద, తారు రోడ్డు మీద, లోతులేని నీళ్ల మీద వేడి గాలి పైకి లేస్తుంది. వేడి గాలి, చల్ల గాలి కలిసే చోట వెలుగు దారి తప్పి వంకర్లు పోతుంది. వేసవిలో దూరంగా రోడ్డు మీద నీళ్లున్నట్టు తళతళలాడుతుందే, ఆ మాయే ఇది. ఎంత జూమ్ చేస్తే అంత పెద్దదై కనిపిస్తుంది. ట్రైపాడ్ పెట్టినా, షట్టర్ స్పీడ్ పెంచినా లాభం లేదు. అనుమానం వస్తే ఒకటే పరీక్ష: పది మీటర్ల దూరంలో ఉన్న రాయినో, మైలురాయి మీద అంకెనో తీయండి. అది గీసినట్టు వస్తే మీ లెన్స్ బంగారమే. నేను పెరట్లో దండెం మీద బట్టల క్లిప్పును తీశాను, దాని స్ప్రింగు మీద తుప్పు కూడా కనిపించింది. ప్రకటన తీసేశాను.

దూరం లెక్క కూడా ఆ తర్వాతే కాగితం మీద వేసుకున్నాను, కొనక ముందు వేయాల్సింది. 400 దగ్గర, 20 మీటర్ల దూరంలో ఫ్రేమ్‌లో పట్టేది 1.2 మీటర్ల వెడల్పు. పాలపిట్ట జానెడు మీద కాస్త ఎక్కువ, అది దర్జాగా పడుతుంది. అదే మూడు వందల మీటర్లయితే ఫ్రేమ్ వెడల్పు 18 మీటర్లు. ఆరు వేల పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోలో నిలువెత్తు ఫ్లెమింగోకు దక్కేది నాలుగు వందల చిల్లర. గాలి అల్లాడకపోయినా ఆ ఫోటో గోడకు పెట్టుకునేది కాదు. ఇప్పుడు పులికాట్ వెళ్తే చీకటి ఉండగానే రోడ్డు మీద ఉంటాను, తొమ్మిదికి కెమెరా సంచిలో పెట్టేస్తాను. కార్లోంచి తీస్తే ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి పది నిమిషాలు ఆగుతాను. లోపలి చల్లగాలి కిటికీ దగ్గర బయటి వేడితో కలిస్తే అదే అల్లాట లెన్స్ ముందే మొదలవుతుంది.

నా అసలు మైదానం మాత్రం ఉప్పలపాడు. గుంటూరు పక్కనే ఉన్న పల్లె, బండి మీద పాతిక నిమిషాలు. చెరువుల మధ్య దిబ్బల మీద చెట్లు, వాటి మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. ఊరివాళ్లు వాటిని తరతరాలుగా ఇంటి చుట్టాల్లా చూసుకుంటున్నారు కాబట్టి మనుషులంటే వాటికి పెద్దగా బెదురు లేదు. గట్టు మీద నుంచి ముప్పై, నలభై మీటర్లలో దొరుకుతాయి. ఈ లెన్స్‌కు ఇంతకంటే తగిన చోటు మా జిల్లాలో లేదు. టీ కొట్టు పెద్దమ్మ నన్ను చూస్తే చాలు, "ఏం మాస్టారూ, అవే కొంగలు, అదే చెరువు. పోయిన వారం తీసినయ్యి చాల్లేదా?" అంటుంది.

చాలవు. ఎందుకంటే పొద్దున ఆరుంబావుకి ఎఫ్ 6.3 (లెన్స్ ద్వారం కొలత, అంకె పెరిగితే ద్వారం చిన్నది) దగ్గర, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 6400 పెట్టినా షట్టర్ స్పీడ్ సెకనులో 800వ వంతుకు మించి రాదు. గూడబాతుకు అది సరిపోతుంది, అది జమీందారులా తాపీగా రెక్కలాడిస్తుంది. లకుముకి పిట్టకు అస్సలు చాలదు, రెక్కల చోట నీలం మరకే మిగులుతుంది. ఎనిమిదింటికి ఎండ పడ్డాక ఐఎస్ఓ 500కే 2000వ వంతు దొరుకుతుంది, కానీ అప్పటికి వెలుగులో ఆ పసుపు పోతుంది. ఆరున్నరకు, ఎనిమిదికి మధ్య గంటన్నర మాత్రమే ఈ లెన్స్ తన ధరకు న్యాయం చేస్తుంది. 6400 దగ్గర గరుకు బాగానే కనిపిస్తుంది. కంప్యూటర్లో నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ వాడితే అచ్చు వేయించుకునేంత బాగుంటుంది, 12800 అయితే నేను తీయను.

తెల్ల పక్షులతో మొదటి ఏడాది బాగా దెబ్బ తిన్నాను. కెమెరా ఫ్రేమ్ అంతటినీ చూసి సగటు వెలుతురు లెక్క కడుతుంది. వెనక ముదురాకుపచ్చ చెట్టుంటే, "అమ్మో చీకటి" అనుకుని వెలుతురు పెంచేస్తుంది. కొంగ వీపు కాస్తా సున్నం కొట్టిన గోడ అయిపోతుంది, ఈకల గీత ఒక్కటి మిగలదు. ఒకసారి అలా పేలిపోయిన తెలుపును ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. ఇప్పుడు కొంగల దగ్గర ఎక్స్‌పోజర్‌ను ముందే ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గిస్తాను, ఆకాశం ముందు ఎగిరే నీటికాకికి ఒకటి పెంచుతాను. మిర్రర్‌లెస్‌లో నాకు బాగా నచ్చింది ఇక్కడే: నొక్కక ముందే వ్యూఫైండర్లో (కన్ను ఆనించి చూసే చోట) ఫోటో ఎలా వస్తుందో కనిపిస్తుంది, తెలుపు పేలిపోయే చోట చారలు మెరుస్తాయి. వద్దన్నా నేర్పే మాస్టారు లాంటిది, వృత్తిరీత్యా గౌరవిస్తాను.

పక్షి కన్నును పట్టే ఆటోఫోకస్ గురించి ప్రకటనల్లో ఊదరగొడతారు. నా అనుభవంలో అది సగం నిజం. ఖాళీ ఆకాశంలోనో, నీళ్ల మీదో అయితే అద్భుతం. కొంగ మెడ తిప్పినా, గూడబాతు దిగుతూ కాళ్లు చాచినా కన్ను వదలదు. పాత కెమెరాతో ఎగిరే పక్షి పదింటికి ఒకటి దొరికితే, దీంతో ఆరేడు దొరుకుతాయి. అదే తుమ్మకొమ్మల మధ్య గూటి మీద కూర్చున్న పక్షి అయితే, ముందున్న ముల్లు మీద ఫోకస్ పెట్టి ధీమాగా పచ్చ చుక్క చూపిస్తుంది. నా దగ్గర ప్రపంచంలోనే స్పష్టమైన తుమ్మముళ్ల ఫోటోలు వందల కొద్దీ ఉన్నాయి. అలాంటి చోట పక్షి గుర్తింపు ఆపేసి, అన్నిటికంటే చిన్న ఫోకస్ చుక్క పెట్టుకుని కంటి మీద చేత్తో ఆనించాల్సిందే. ఈ మార్పిడిని ఒక బటన్‌కు కట్టుకున్నాను. కొన్నవాళ్లు మొదటి రోజే చేసుకోవాల్సిన పని ఇది, నాకు ఎనిమిది నెలలు పట్టింది.

శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంది గానీ, ఎగిరే పక్షికి వాడను. సెన్సర్‌ను పై వరుస నుంచి కింది వరుస దాకా చదివేలోపు రెక్క కదిలిపోయి, ఫోటోలో వంగినట్టు వస్తుంది. గూటి దగ్గర కూర్చున్నవాటికి మాత్రం బంగారం.

దసరాకు పాలపిట్టను చూస్తే మంచిదంటారు కదా, పోయిన దసరాకు చూడడమే కాదు, ఎగురుతుండగా తీయాలనుకున్నాను. కూర్చుంటే అది మట్టిరంగు పిట్టే. రెక్క విప్పితేనే ఆ రెండు నీలాలు బయటపడతాయి. తాడికొండ రోడ్డు పక్కన కరెంటు తీగ మీద ఒకటి దొరికింది. అది తీగ మీంచి కిందికి దూకి పురుగును పట్టి, మళ్లీ చాలాసార్లు అదే చోటికి వస్తుంది. కాబట్టి వెంటపడకుండా, తీగ మీద ఆ చోటికి ఫోకస్ పెట్టి కూర్చున్నాను. రెండు గంటలు, 180 ఫోటోలు, పనికొచ్చినవి పదకొండు. వాటిలో ఒకటి ఇప్పుడు మా స్కూల్ స్టాఫ్ రూమ్ గోడ మీద ఉంది.

బరువు గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. రెండూ కలిపి కిలోన్నర పైన. అరగంట చేత పట్టుకుంటే పర్లేదు, మూడో గంటకు ముంజేయి వణుకుతుంది. కారు కిటికీ మీద ఆనించడానికి పాత జీన్స్ కాలు కత్తిరించి, కుట్టి, జొన్నలు పోసి దిండు చేశాను. బ్రహ్మాండంగా పనిచేసింది, మూడో నెలలో పురుగు పట్టింది. ఒక రోజు ఉప్పలపాడులో కొంగలకంటే నా దిండు మీద పాకేవే ఎక్కువ. ఇప్పుడు థర్మాకోల్ గుళ్లు పోశాను. అంత కుదురుగా ఉండదు, కానీ ప్రాణం లేదు.

మన ఊళ్ల తేమకు కెమెరా కంటే ముందు డ్రై బాక్స్ కొనుక్కోండి. పాత కెమెరా లెన్స్‌కు తగిలించి వాడిన కన్వర్టర్ అద్దానికి వానాకాలంలో బూజు పట్టింది, సాలెగూడులా. ఇప్పుడు బిగుతు మూత డబ్బా, సిలికా జెల్, లోపల చిన్న తేమ మీటరు. 45 శాతం దగ్గర ఉంచుతాను. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా అంటే వినకండి, ఆ పిండి దుమ్ము లెన్స్ రింగుల్లోకి పోతుంది. ఏసీ గదిలో రాత్రంతా ఉంచి తెల్లారి బయటికి తీసినా ఇబ్బందే, అద్దం మీద ఆవిరి పట్టి ఇరవై నిమిషాలు ఏమీ కనపడదు. ఆ ఇరవై నిమిషాల్లోనే గూడబాతులన్నీ ఎగిరిపోయిన రోజొకటి ఉంది. దుమ్ముదీ ఒక కథే. మార్చిలో మిర్చి యార్డు దగ్గర ఆగి, బస్తాల ఫోటో కోసం లెన్స్ మార్చాను. రెండు రోజులు తుమ్ములు నాకు, నెల రోజులు మచ్చలు సెన్సర్‌కు. ఎఫ్ 6.3లో అవి కనపడవు, ఎఫ్ 11 దాటించి నీలాకాశం తీస్తే వరసగా బయటపడతాయి. రబ్బరు బ్లోయర్‌తో చాలావరకు పోయాయి, నోటితో మాత్రం ఊదకండి.

బ్యాటరీ ఒకటి మూడున్నర గంటలు వస్తుంది, రెండోది తప్పనిసరి. వీడియో నేను పెద్దగా తీయలేదు. ఫోన్‌కు ఫోటోలు పంపే యాప్ చిరాకు పుట్టిస్తుంది, కార్డ్ రీడర్ కొనుక్కోవడం మేలు.

పెళ్లిళ్లు, పిల్లలు, తిరుపతి ప్రయాణం కోసమైతే ఈ లెన్స్ వద్దు, కిట్ లెన్స్‌తో బాడీ చాలు, అరవై వేలు మిగులుతాయి. దూరంగా ఉన్నది ఏదో ఒకలా కనపడితే చాలనుకుంటే బ్రిడ్జ్ కెమెరాయే నయం, చందమామ కూడా అందులోనే పెద్దగా వస్తుంది. పొద్దున్నే లేవగలిగి, ముప్పై మీటర్లలో పక్షులు దొరికే చెరువు దగ్గర్లో ఉంటే మాత్రం తీసుకోండి.

ప్రస్తుతానికి నాకున్న గొడవ ఒక్కటే, రబ్బరు. మూడు వేసవుల చెమటకు పట్టు దగ్గర రబ్బరు ఉబ్బి ఊడొస్తుంటే ఫెవిక్విక్‌తో నేనే అంటించాను. వ్యూఫైండర్ చుట్టూ ఉండే రబ్బరు కప్పు ఉప్పలపాడు చెరువులో పడిపోయింది. నూట ఎనభై రూపాయలకు కొత్తది తెప్పిస్తున్నాను, శనివారానికి వస్తుందట. ఆదివారం ఐదింటికి అలారం పెట్టాను.